గట్టు తగాదా నుంచి గూర్ఖా యుద్ధం దాకా

నేను చరిత్ర విద్యార్థిని కాను. బి.ఎస్సీ. చివరి సంవత్సరంలో లెక్కలు, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం చదువుకుంటున్నవాణ్ణి. అలాంటివాడు నేపాల్ యుద్ధం మీద వ్యాసం రాయడమేమిటని మిత్రులు నవ్వవచ్చు. హాస్టల్లో ఇప్పటికే నవ్వుతున్నారు. అందుచేత ఈ వ్యాసం ఎందుకు రాయవలసి వచ్చిందో ముందుగా మనవి చేసుకుంటాను.

మాది కడప జిల్లాలో పాపాఘ్ని ఒడ్డున ఒక చిన్న పల్లె. ఏటి దగ్గర మాకు నాలుగెకరాల చేను ఉంది. పక్క చేను నాకు వరసకు మామయ్యే ఆయనది. రెండు చేల నడుమ ఒక వంక పారుతుంది. ఇవతలది మాది, అవతలది ఆయనది. మూడేళ్ల కిందట వరద వచ్చి వంక దారి మార్చుకుంది. మా చేనులో పది సెంట్ల నేల వంకకు అవతల పడింది. "వంకే గదా బావా హద్దు? ఇంక అది నాదే" అన్నాడు మామ. "రాయి యాడుంటే ఆడే హద్దు" అన్నాడు మా నాయన. పోయిన వేసవిలో సర్వేయరు వచ్చి గొలుసు లాగి, కొత్తగా ఒక రాయి పాతి పోయినాడు. ఆ రాయి ఇద్దరికీ నచ్చలేదు. అప్పటినుంచి రెండిళ్లకూ మాటల్లేవు. మా నాయన ఒక కాగితాల సంచి పట్టుకుని వకీలు ఇంటి చుట్టూ తిరగడం మొదలుపెట్టినాడు.

ఆ దిగులుతోనే సెలవులు ముగించుకుని కాలేజీకి వచ్చాను. లైబ్రరీలో ఆప్టిక్స్ పుస్తకం కోసం వెతుకుతుంటే పక్క బీరువాలో 1814 నేపాల్ యుద్ధం మీద ఒక పుస్తకం కనబడింది. ఊరికే తిరగేశాను. మొదటి అధ్యాయం నిండా పాత పట్టాలు, శిస్తు బకాయిలు, హద్దులు, ఉమ్మడి విచారణలు! అచ్చం మా ఊరి కథే. తేడా అల్లా ఒకటే. అక్కడ వకీళ్లకు బదులు ఫిరంగులు వచ్చాయి. ఆ ఆసక్తితో దొరికినవన్నీ చదివాను. తెలుసుకున్నది నా శక్తి కొద్దీ పాఠకుల ముందు పెడుతున్నాను.

ఎదిగిన రెండు రాజ్యాలు

హిమాలయాల్లో గోర్ఖా అన్నది ఒక చిన్న సంస్థానం. దాని రాజు పృథ్వీనారాయణ్ షా 1768-69లో కాఠ్మాండూ లోయను జయించి నేటి నేపాల్‌కు పునాది వేశాడు. అంతకు ముందే, 1767లో, కాఠ్మాండూ మల్ల రాజుకు సాయంగా ఈస్టిండియా కంపెనీ పంపిన కెప్టెన్ కిన్‌లాక్ దళాన్ని గోర్ఖాలు సింధూలీ దగ్గర తరిమికొట్టారు. కంపెనీకీ గోర్ఖాలకూ మొదటి పరిచయం అదే.

ఆ తరువాత నలభై ఏళ్లలో గోర్ఖాలు 1790 ప్రాంతంలో కుమావూనునూ, 1804 నాటికి గఢ్వాలునూ గెలుచుకున్నారు. తూర్పున తీస్తా నది మొదలు పడమట సట్లెజ్ నది దాకా వారి అధికారం సాగింది. 1809లో కాంగ్రా కోట దగ్గర మహారాజా రంజిత్‌సింగ్ అడ్డు తగలడంతో పడమటి దారి మూసుకుపోయింది.

వీరికి అంత భూదాహం ఎందుకు? రైతుబిడ్డగా నాకు బాగా అర్థమైన సంగతి ఇది. గోర్ఖా సైనికులకు జీతం డబ్బుగా కాక చాలావరకు భూమిగా ఇచ్చేవారు. దాన్ని జాగీరు అంటారు. కొండవాలు మీద మెట్లు మెట్లుగా చెక్కిన మళ్లలో పండేది కొంచెం. సైన్యం పెరిగే కొద్దీ భూమి కావాలి. భూమి కోసం యుద్ధం కావాలి. యుద్ధం కోసం మళ్లీ సైన్యం పెరగాలి. ఈ చక్రం ఆగితే రాజ్యమే ఆగుతుంది. కొండల పాదాల వెంబడి ఉన్న తరాయి మైదానం అలాంటి సమయంలో బంగారుగని లాగా కనిపించిందంటే ఆశ్చర్యం లేదు. నల్లని ఒండ్రునేల, సాల వృక్షాల అడవి, ఏనుగులు, వీటన్నిటినీ మించి రొక్కంగా వచ్చే శిస్తు.

ఇవతలివైపు కంపెనీ కూడా అంతే ఆకలిగా ఉంది. మన రాయలసీమ వాళ్లకు దత్తమండలాలు అన్న మాట చిన్నప్పటినుంచీ తెలుసు. గవర్నర్ జనరల్ వెల్లస్లీ కాలంలో, కంపెనీ సైన్యం ఖర్చు కింద 1800లో నిజాం మన జిల్లాలను రాసిచ్చాడు. సరిగ్గా ఆ మరుసటి ఏడు, 1801లో, అదే వెల్లస్లీ అదే పద్ధతిలో ఔధ్ నవాబు చేత గోరఖ్‌పూర్ మొదలైన జిల్లాలు రాయించుకున్నాడు. అంటే మా ఊరూ, నేపాల్ అంచున ఉన్న గోరఖ్‌పూరూ ఏడాది తేడాతో ఒకే రకమైన కాగితం మీద కంపెనీ చేతికి పోయాయన్నమాట! నేపాల్ తగాదా ఆ కాగితం నుంచే పుట్టింది.

రెండు పట్టాలు, ఒక నేల

గోరఖ్‌పూర్‌కు ఎగువన బుట్వల్, స్యూరాజ్ అనే రెండు ప్రాంతాలున్నాయి. బుట్వల్ భూములను పాల్పా అనే కొండ సంస్థానం రాజు అనుభవించేవాడు. ఆ భూములకు ఔధ్ నవాబుకు కప్పం కట్టేవాడు. గోర్ఖాలు పాల్పాను కలుపుకున్నారు. ఇటు నవాబు గోరఖ్‌పూర్‌ను కంపెనీకి ఇచ్చేశాడు. ఇక చూడండి. పాల్పా రాజు వారసులం మేము కనుక బుట్వల్ మాది అని గోర్ఖాలు. నవాబు వారసులం మేము కనుక బుట్వల్ మాది అని కంపెనీ. రెండు పట్టాలూ నిజమైనవే. నేల మాత్రం ఒకటే.

1813లో రెండు పక్షాల ప్రతినిధులు కూర్చుని విచారణ జరిపారు. కంపెనీ తరఫున వచ్చినవాడు మేజర్ బ్రాడ్‌షా. విచారణ తెగలేదు. కొత్తగా వచ్చిన గవర్నర్ జనరల్ లార్డ్ మొయిరా ఆ ప్రాంతాలను 25 రోజుల్లో ఖాళీ చేయమని గడువు పెట్టాడు. గడువు దాటగానే 1814 ఏప్రిల్‌లో సైన్యాన్ని పంపి స్వాధీనం చేసుకున్నాడు.

కాఠ్మాండూ దర్బారులో అప్పుడు రాజు పదిహేడేళ్ల కుర్రవాడు. అధికారమంతా ముఖ్తియార్ భీంసేన్ థాపా చేతిలో ఉంది. ఆయన యుద్ధానికి మొగ్గాడు. పడమటి సరిహద్దు కాస్తున్న వృద్ధ సేనాని అమర్‌సింగ్ థాపా వద్దన్నాడు. కొత్తగా జయించిన ప్రజలు మనసారా మన పక్షం కాలేదనీ, కంపెనీ బలం వేరనీ ఆయన ఎరుగును. ఆయన మాట చెల్లలేదు. విచిత్రమేమంటే, వద్దన్న ఆ మనిషే తరువాత అందరికంటే ఎక్కువ కాలం నిలబడి పోరాడవలసి వచ్చింది.

జ్వరం పెట్టిన ముహూర్తం

ఇక్కడ సైన్సు విద్యార్థిగా ఒక మాట. తరాయిలో ఎండాకాలం చివర నుంచి వానలు వెనుకబట్టే దాకా 'అవల్' అనే జ్వరం ప్రబలేది. అదే మలేరియా. బయటివాడు ఆ రోజుల్లో అక్కడ నిద్రపోతే బతికి బయటపడడం అనుమానమే. అంచేత 1814 మే నెలలో కంపెనీ సైన్యం బుట్వల్‌లో పోలీసు ఠాణాలు పెట్టి, తాను వెనక్కి పోయింది. మే 29న గోర్ఖాలు ఆ ఠాణాల మీద పడి 18 మంది పోలీసులను చంపారు. యుద్ధానికి కావలసిన సాకు దొరికింది. అయినా ప్రకటన వెంటనే రాలేదు. వానలు పోయి, జ్వరం తగ్గాక, 1814 నవంబరు 1న యుద్ధం ప్రకటించారు. ముహూర్తం పెట్టింది గవర్నర్ జనరల్ అనుకుంటాం గాని, నిజానికి పెట్టింది దోమ.

అప్పట్లో ఆ సంగతి ఎవరికీ తెలియదు. చెడుగాలి వల్ల జ్వరం వస్తుందనుకునేవారు. ఆ తరువాత 83 ఏళ్లకు, 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని సూక్ష్మదర్శినితో చూశాడు. తరాయికి శతాబ్దాలపాటు కోటగోడగా నిలిచిన రహస్యం మన తెలుగుగడ్డ మీద బయటపడిందన్నమాట.

నీళ్లు లేని కోట

మొయిరా నాలుగు దళాలను సిద్ధం చేశాడు. మొత్తం 22 వేల మంది దాకా ఉంటారు. పడమట ఆక్టర్‌లోనీ, డెహ్రాడూన్ మీదికి జిలెస్పీ, బుట్వల్ మీదికి ఉడ్, కాఠ్మాండూ మీదికి మార్లే. పేర్లు ఇంగ్లీషువే అయినా ఆ దళాల్లో ఎక్కువమంది మన దేశపు సిపాయిలే. ఎదుట గోర్ఖాలు దాదాపు సగం మంది. వాళ్లూ ఆ పొడవాటి సరిహద్దు అంతటా చెల్లాచెదురుగా ఉన్నారు.

జిలెస్పీ పేరు మనకు కొత్త కాదు. 1806 జూలై 10న రాయవేలూరు కోటలో సిపాయిలు తిరగబడినప్పుడు ఆర్కాటు నుంచి గుర్రపు దళంతో వచ్చి ఆ తిరుగుబాటును క్రూరంగా అణచినవాడు ఇతడే. ఆ జిలెస్పీ డెహ్రాడూన్ పక్కన నాలాపానీ కొండ మీది కళంగా కోటను ఒక్క పూటలో పడగొడదామని వెళ్లాడు. కోటలో బలభద్ర కుంవర్ అనే యువ సేనానితో ఆడవాళ్లు, పిల్లలతో కలిపి ఆరువందల మంది ఉన్నారు. 1814 అక్టోబరు 31న దాడి జరిగింది. కోట పడలేదు, జిలెస్పీ తలుపు ముందే గుండు తగిలి పడిపోయాడు. ఆడవాళ్లు గోడల మీది నుంచి రాళ్లు రువ్వారని ఆంగ్లేయులే రాసుకున్నారు. ఢిల్లీ నుంచి పెద్ద ఫిరంగులు తెప్పించి నవంబరు 27న మళ్లీ దాడి చేశారు. గోడ కూలింది గాని లోపలికి అడుగు పడలేదు.

ఆ కాలపు రాతల్లో ఒక సంఘటన ఉంది. ఫిరంగులు పేలుతుండగా కోటలోంచి ఒక గోర్ఖా సైనికుడు చెయ్యి ఊపుతూ బయటికి వచ్చాడు. గుండు దెబ్బకు అతని దవడ పగిలింది. ఆంగ్లేయుల ఆస్పత్రిలో వైద్యం చేశారు. నయమయ్యాక, తిరిగి వెళ్లి మీతోనే పోరాడతాను, పంపించండి అని అడిగాడట! శత్రువు మీద ఇంత నమ్మకం, యుద్ధం మీద ఇంత పట్టుదల రెండూ ఒక మనిషిలో ఉండగలవా అని చాలాసేపు ఆలోచించాను.

చివరికి కోటను గెలిచింది కత్తి కాదు, దాహం. కోటకు నీళ్లు బయటి ఊట నుంచి వచ్చేవి. అది కనిపెట్టి ఆంగ్లేయులు ఆ దారి మూసేశారు. చేనికి నీళ్లు ఆగితే మూడు రోజుల్లో మొక్క ఎట్లా వాలుతుందో రైతుకు తెలుసు. మనిషి మొక్కకంటే గట్టివాడేమీ కాదు. నవంబరు 30న బలభద్రుడు మిగిలిన 70 మందితో ముట్టడిని చీల్చుకుని వెళ్లిపోయాడు. కోటలోకి వెళ్లినవారికి శవాలూ, గాయపడినవాళ్ల నీళ్ల కేకలూ ఎదురైనాయి. కంపెనీ పక్షాన చనిపోయినవారు, గాయపడినవారు కలిసి 31 మంది అధికారులు, 700 మందికి పైగా సైనికులు. తరువాత ఆ కొండ దగ్గర ఆంగ్లేయులు రెండు స్తంభాలు కట్టారు. ఒకటి తమవారికి, రెండోది బలభద్రుడికీ అతని గోర్ఖాలకూ. అవి నేటికీ ఉన్నాయి.

ఏటవాలు తలం, పద్దెనిమిది పౌన్ల గుండు

మిగతా చోట్ల కూడా కంపెనీకి మొదట ఓటమే. జైతక్ దగ్గర దెబ్బ తిన్నారు. ఉడ్ బుట్వల్ దగ్గర జీత్‌గఢ్ నుంచి వెనుదిరిగాడు. 1815 జనవరి 1న మార్లే ముందు ఠాణాలైన పర్సా, సమన్‌పూర్ రెండూ ఒకే రోజు పోయాయి. ఎనిమిది వేల సైన్యం చేతిలో ఉండి కూడా మార్లే ఫిబ్రవరిలో ఎవరితోనూ చెప్పకుండా శిబిరం వదిలి వెళ్లిపోయాడు.

నిలిచినవాడు ఆక్టర్‌లోనీ ఒక్కడే. ఇతడు తొందరపడలేదు. ముందు రోడ్డు వేయించాడు. ఏనుగుల చేత, అవి ఎక్కలేని చోట మనుషుల చేత మోకులతో లాగించి 18 పౌన్ల ఫిరంగులను కొండల మీదికి చేర్చాడు. లెక్క చూడండి. ఆరు పౌన్ల గుండు 2.7 కిలోలు, పద్దెనిమిది పౌన్లది 8 కిలోల పైమాటే. వేగం ఒకటే అయితే గోడను తాకే శక్తి మూడు రెట్లు. కాని ఆ ఫిరంగి బరువు దాదాపు రెండు టన్నులు. దాన్ని నిట్టనిలువుగా ఎత్తడం అసాధ్యం; చుట్టూ తిరిగే ఏటవాలు దారి వేస్తే సాధ్యం. మొదటి సంవత్సరంలో మనం చదివే ఏటవాలు తలం పాఠం అక్కడ కోటలను పడగొట్టింది.

1815 ఏప్రిల్ 16న మలౌన్ కోట పక్కన దేవథల్ దగ్గర డెబ్బై ఏళ్లు దాటిన భక్తి థాపా ఫిరంగుల నోటికి ఎదురుగా వెళ్లి ప్రాణం విడిచాడు. ఆంగ్లేయులు ఆయన దేహాన్ని శాలువా కప్పి గౌరవంగా తిప్పి పంపారు. ఏప్రిల్ 27న అల్మోరా పడింది. మే 15న అమర్‌సింగ్ థాపా లొంగిపోయాడు. ఆ లొంగుబాటు నాటికే కంపెనీ గోర్ఖా సైనికులను తన కొలువులో చేర్చుకోవడం మొదలుపెట్టింది. నేటి గోర్ఖా రెజిమెంట్లకు మొదలు అక్కడే. 1947లో ఉన్న పది రెజిమెంట్లలో ఆరు మన దేశానికి, నాలుగు బ్రిటనుకు వచ్చాయి. ఓడినవాడి ధైర్యాన్ని గెలిచినవాడు జీతానికి తీసుకున్నాడన్నమాట. బలభద్రుడు మాత్రం కంపెనీ కొలువులో చేరలేదు. రంజిత్‌సింగ్ సైన్యంలో చేరి 1823లో నౌషేరా యుద్ధంలో చనిపోయాడు.

సుగౌలీ కాగితం

1815 డిసెంబరు 2న బీహారులోని సుగౌలీలో సంధి రాసుకున్నారు. కాఠ్మాండూ దాన్ని ఒప్పుకోవడానికి వెనుకాడింది. 1816 ఫిబ్రవరిలో ఆక్టర్‌లోనీ రాత్రిపూట, కాపలా లేని ఒక ఇరుకు లోయ గుండా చూరియా కొండలు దాటి మక్వాన్‌పూర్ చేరాడు. మార్చి 4న సంధి ఖాయమైంది. కాళీ నదికి పడమట ఉన్న కుమావూను, గఢ్వాలు పోయాయి. మేచీ నదికి తూర్పున ఉన్నది పోయింది. తరాయిలో చాలా భాగం పోయింది. ఇంచుమించు రాజ్యంలో మూడో వంతు. కాఠ్మాండూలో బ్రిటిష్ రెసిడెంటును ఉంచుకోవలసి వచ్చింది.

ఇక్కడితో కథ అయిపోతే నేను ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు. తరువాతి లెక్క వినండి. తరాయి వల్ల నష్టపోయిన నేపాల్ పెద్దలకు ఏటా రెండు లక్షల రూపాయలు ఇస్తామని సంధిలో రాశారు. ఆ డబ్బు ఇవ్వడంకంటే భూమి ఇవ్వడమే నయమని అదే ఏడు డిసెంబరులో కోసీ, రాప్తీ నదుల మధ్య తరాయిని నేపాల్‌కే తిరిగి ఇచ్చేశారు. యుద్ధానికి డబ్బు చాలక కంపెనీ ఔధ్ నవాబు దగ్గర రెండు కోట్ల రూపాయలు అప్పు చేసింది. అందులో ఒక కోటి కింద, గెలిచిన తరాయిలోనే పడమటి భాగాన్ని నవాబుకు చెల్లగొట్టింది. 1857-58 పోరాటంలో నేపాల్ కంపెనీకి సాయపడినందుకు 1860లో పడమటి తరాయి నాలుగు జిల్లాలు మళ్లీ నేపాల్‌కే ఇచ్చారు. ఏ బుట్వల్ కోసం మొదటి నెత్తురు కారిందో ఆ బుట్వల్ ఈనాటికీ నేపాల్లోనే ఉంది.

నది మాట వినదు

సుగౌలీలో నదులను హద్దులుగా పెట్టుకున్నారు. కాగితం మీద నది గీతలాగా ఉంటుంది. నేల మీద అది జీవం ఉన్నది. గండకీ నది, నేపాల్లో నారాయణి అంటారు, పడమటికి జరుగుతూ పోయింది. ఒకప్పుడు నదికి పడమట ఉన్న సుస్తా ప్రాంతం ఇప్పుడు తూర్పున పడింది. అది ఎవరిదన్నది నేటికీ రెండు దేశాల మధ్య తగాదాయే. కాళీ నది సంగతి మరొకటి. ఆ నది ఎక్కడ పుట్టిందన్నది తెలిస్తేనే హద్దు తెలుస్తుంది. ఏ పాయను అసలు నది అనుకోవాలన్నదే కాలాపానీ వివాదం. 2020లో నేపాల్ లింపియాధురా దాకా తనదని కొత్త పటం అచ్చువేసింది. మన ప్రభుత్వం ఒప్పుకోలేదు. రెండువందల ఏళ్ల కిందట రాసిన వాక్యం ఇంకా వాయిదాల్లోనే ఉంది.

ఇదంతా సంక్రాంతి సెలవుల్లో మా నాయనకు చెప్పాను. మా నాయన చదివింది ఐదో తరగతి. కల్లంలో కూర్చుని మొదలునుంచి చివరిదాకా విన్నాడు. కోట గురించి అడగలేదు, ఫిరంగుల గురించి అడగలేదు. చాలాసేపటికి ఒకే ప్రశ్న వేశాడు.

"అది సరేరా, ఆ నేల దున్నేటోళ్లను ఎవురన్నా అడిగినారా, మీరు ఎవురి పక్క ఉంటారని?"

ఎవరూ అడగలేదు నాయనా, అన్నాను. పాల్పా రాజుకు శిస్తు కట్టినవాడూ, గోర్ఖాలకు కట్టినవాడూ, కంపెనీకి కట్టినవాడూ ఒకే రైతు. అతని పేరు ఏ స్తంభం మీదా లేదు. నేను చదివిన పుస్తకాల్లో సేనానుల పేర్లన్నీ ఉన్నాయి, అతని పేరు లేదు.

మరునాడు మామ కొడుకూ నేనూ వంక దగ్గర కలిశాం. వాడు పక్క ఊరి కాలేజీలో డిగ్రీ చదువుతున్నాడు. ఇద్దరం తాడు పట్టుకుని పాత రాయి నుంచి కొలిచాం. పది సెంట్లు అనుకున్నది ఎనిమిదిన్నర తేలింది. దాని మీద ఏటా వచ్చేది రెండు మూటల శనక్కాయలు. వకీలుకు ఇప్పటిదాకా పోసిన డబ్బుతో ఎన్ని మూటలు వచ్చేవో వాడే లెక్క కట్టి చెప్పాడు. ఆ లెక్క ఇద్దరం ఇళ్లలో చెప్పాం. మా నాయన ఏమీ అనలేదు. కాని ఆ నెల వాయిదాకు కాగితాల సంచి గూట్లోంచి తీయలేదు. మామ కూడా పోలేదని తరువాత తెలిసింది. హద్దు ఇంకా తేలలేదు. మాటలు మాత్రం మొదలైనాయి.

చరిత్ర నా సబ్జెక్టు కాదని మొదటే మనవి చేశాను. పొరపాట్లుంటే అధ్యాపకులు, పెద్దలు మన్నించి సరిదిద్దగలరు. సైన్సు మిత్రులకు ఒక్క విన్నపం: లైబ్రరీలో మన బీరువా పక్కన ఇంకో బీరువా కూడా ఉంది. అప్పుడప్పుడు తెరిచి చూడండి.